రెండు మడుల నడుమ భేదము

వ్యవసాయ కళాశాలలో చేరిన విద్యార్థికి నేలను గూర్చి, విత్తనమును గూర్చి, పురుగులను తెగుళ్ళను గూర్చి చదువవలసియుండునని ముందే తెలియును. కాని పాఠ్యక్రమములో గణాంకశాస్త్రమను పేరు కనబడగానే అతని ముఖము చిన్నబోవును. లెక్కలు తప్పించుకొనుటకే గదా ఈ చదువునకు వచ్చితిమని చాలమంది అనుకొందురు. జీవశాస్త్రము చదువువారి గోడును ఇదియే. ఆ పాఠము అక్కడ ఎందుకున్నదో, అందులో ఏమి నేర్పుదురో మా శ్రోతలకు చెప్పవలెనని మాకు తోచుటకు ఒక కారణము కలదు. అది మాకు అంత గౌరవము తెచ్చునది కాదు. అయినను దానితోనే మొదలుపెట్టెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా రైతుల కార్యక్రమములో ఒక రైతుతో సంభాషణ ప్రసారము చేసితిమి. ఆయన తన వరిపైరు మీద బలం మందు అని పిలిచెడి ఒక ద్రావణమును కొట్టించెను. మందు కొట్టని ప్రక్క చేనిలో ఎకరమునకు 30 బస్తాలు పండగా తన చేనిలో 34 పండినవని చెప్పెను. ఆయన అబద్ధమాడలేదు. బస్తాలు కళ్ళము మీద లెక్కపెట్టినవే. పైగా ఆయన కంఠము మైకునకు చక్కగా కుదిరినది. మేము సంతోషించి ఆ సంభాషణను మరియొకమారు కూడ వినిపించితిమి.

మరుసటి పంటకాలము ముగిసిన పిదప మాకొక కార్డు వచ్చినది. అందులోని మాటలను ఉన్నవి ఉన్నట్లే ఇచ్చుచున్నాము. "రేడియో వారికి నమస్కారములు. మీరు చెప్పిన మందు మా ఊళ్ళో పదకొండు మందిమి కొట్టాం. పంటలో తేడా కనపడలేదు. అప్పులో కనపడింది. ఒక్క మాట అడుగుతాను. ఏ మందూ కొట్టని ఏడు ఆ రెండు చేలూ ఎంతెంత పండేవి? అది మీరు ఆయన్ని అడిగారా?"

మేము అడుగలేదు.

ఆ కార్డును జేబులో పెట్టుకొని, ఒక వ్యవసాయ కళాశాలలో గణాంకశాస్త్రము బోధించు అధ్యాపకుని కడకు వెళ్ళితిమి. ఆయన దానిని రెండుమార్లు చదివి, "ఈ ప్రశ్న వేసినవారికి మా మొదటి మూడు వారముల పాఠము అక్కరలేదు. మీకు మాత్రము కావలెను. రేపు ఉదయము తరగతికి రండి" అనెను. ఆ విధముగా మేము చాల సంవత్సరముల తరువాత మరల బల్లమీద కూర్చొంటిమి.

అధ్యాపకుడు తరగతికి ఒక కుండ తెచ్చెను. అందులో 500 కాగితపు చీటీలు ఉన్నవి. ఒక్కొక్క చీటీ మీద ఒక్కొక్క అంకె. ఆ అంకెలు ఆయన కల్పించినవి కావు. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమునందు 1910వ సంవత్సరమున ఒక ఎకరము గోధుమచేనిని కోతవేళ 500 చిన్న మడులుగా విభజించిరి. ఒక్కొక్క మడి మన లెక్కలో సెంటునందు అయిదవ వంతు. చేనంతయు ఒకే విత్తనము, ఒకే దుక్కి, ఒకే ఎరువు. కంటికి పైరంతయు ఒక్క తీరుగనే కనబడినది. ఆ మడులను వేరువేరుగా కోసి, నూర్చి, గింజలను తూచిరి. మెర్సర్, హాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ తూకములను 1911లో ప్రకటించిరి. సగటున మడికి 3.95 పౌనులు పండినవి. కాని అన్నిటికంటె తక్కువ పండిన మడిలో 2.73 పౌనులు, అన్నిటికంటె ఎక్కువ పండిన మడిలో 5.16 పౌనులు. అనగా ఇంచుమించు రెట్టింపు. ఏ భేదమును చేయని చేనిలో ఇంత భేదము.

తరగతిలోని వారిని ముప్పది జట్లుగా చేసి, జట్టునకు పది చీటీలు తీయించెను. మొదటి అయిదు చీటీలను మందు వేసిన మడులుగాను, తక్కిన అయిదింటిని వేయని మడులుగాను భావించి సగటులు కట్టవలెనని, చీటీలను మరల కుండలో వేసి తరువాతి జట్టునకు ఇవ్వవలెనని చెప్పెను. చాల జట్లకు రెండు సగటుల నడుమ కొద్దిపాటి భేదమే వచ్చినది. మూడు జట్లకు మాత్రము అర పౌనును, అంతకు మించియు వచ్చినది. నాలుగు పౌనుల పంటలో అర పౌను అనగా నూటికి పండ్రెండు పదుమూడు వంతులు. అధ్యాపకుడు ఆ మూడు జట్లలో ఒక దానిని లేపి, "చాల మంచి మందు. దాని పేరేమి?" అని అడిగెను. కుర్రవాడు నవ్వెను. అక్కడ మందు లేదు. కుండ మాత్రమే ఉన్నది.

మా రైతు చెప్పిన నాలుగు బస్తాలు ముప్పదింటిలో ఎంత వంతో మేము పుస్తకము అంచున లెక్క వేసికొంటిమి. నూటికి పదుమూడు.

పైగా ఆ జట్లు ప్రక్కకు అయిదేసి చీటీలు తీసినవి. మా రైతు తీసినది ప్రక్కకు ఒక్కొక్క చీటీయే. తన చేను ఒకటి, ప్రక్క చేను ఒకటి. ఆ కుండనుండి ఒక్కొక్క చీటీయే తీసి పోల్చినచో, అర పౌను భేదము నూటికి నలుబదికి పైగా మారులు వచ్చును. ఎకరపు చేను సెంటులో అయిదవ వంతు మడివలె అంతగా ఊగిసలాడదనుట నిజమే. కాని రెండు చేల నడుమ నేల వేరు, కాలువ నీరందు వేళ వేరు, యజమాని శ్రద్ధ వేరు. ఇన్నిటి నడుమ వచ్చిన భేదమును మందు ఖాతాలో వ్రాసినది మేము.

ఈ పాఠమునకు పునాది ఇంతే. రెండు వస్తువుల నడుమ భేదము కనబడినప్పుడు, ఆ భేదమెంత అని మాత్రమే అడుగరాదు. ఏమియు చేయనప్పుడు అవి తమలో తాము ఎంత భేదించునో ముందు తెలిసికొనవలెను. మొదటి అంకె రెండవ దానికంటె ఎంత పెద్దదో చూడవలెను. మేము మొదటి అంకెనే వినిపించితిమి. కార్డు వ్రాసిన రైతు రెండవ అంకెను అడిగెను.

ఆ రెండవ అంకెను కట్టు మార్గమునకే పాఠములో ఎక్కువ కాలము పట్టును. ప్రతి మడి తూకమును సగటునుండి తీసివేసి, వచ్చిన శేషమును దానితోనే గుణించి, అన్నిటి సగటు కట్టి, దానికి వర్గమూలము తీయుదురు. శేషములను ఉన్నవి ఉన్నట్లే కూడినచో ఎక్కువలు తక్కువలు ఒకదానినొకటి కొట్టివేసికొని సున్న మిగులును. అందుకే ఈ గుణకారము. వచ్చిన అంకెను ప్రామాణిక విచలనమందురు. ఆ గోధుమ మడులకు అది 0.46 పౌను. పేరు పెద్దది గాని భావము చిన్నది: ఒక మడి సగటునుండి ఎంతమేర అటునిటు ఊగుటకు అలవాటుపడి యున్నది అని చెప్పు అంకె అది.

ఒక మడి ఊగిసలాట ఇంత అయినచో నాలుగు మడుల సగటు ఊగిసలాట అందులో సగమే. తొమ్మిది మడుల సగటునకు మూడవ వంతు. ఇది రైతునకును శాస్త్రజ్ఞునకును ఒకే తీరున కష్టము కలిగించు నియమము. నమ్మకమును రెండింతలు చేయుటకు మడులను నాలుగింతలు చేయవలెను. ప్రయోగక్షేత్రములలో ఒకే రకమును మూడు నాలుగు చోట్ల వేసియుండుట చూచి, స్థలము వృథా చేయుచున్నారని మేము పూర్వమనుకొనెడివారము. ఇప్పుడు అనుకొనుట లేదు.

అయితే నాలుగైదు మడులే ఉన్నప్పుడు ఊగిసలాటను కూడ ఆ నాలుగైదింటినుండియే అంచనా వేయవలసియుండును. ఆ అంచనాయే తప్పు కావచ్చును. ఈ చిక్కును విడదీసినవాడు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కాడు. డబ్లిన్ నగరమునందలి గిన్నెస్ బీరు కర్మాగారములో ఉద్యోగి. పేరు విలియం గోసెట్. బార్లీ రకములను, వాని నాణ్యమును కొద్దిపాటి పరీక్షలతో తేల్చవలసిన పని ఆయనది. ఉద్యోగులు తమ పేరుతో వ్యాసములు ప్రకటించుట కర్మాగారము వారికి ఇష్టము లేదు. కావున 1908లో ఆయన తన వ్యాసమును స్టూడెంట్, అనగా విద్యార్థి, అను మారుపేరుతో ప్రకటించెను. నేటికిని ప్రపంచమంతట విద్యార్థులు ఆ విద్యార్థి పరీక్షనే నేర్చుకొనుచున్నారు. రెండు సగటుల భేదమును దాని ఊగిసలాటతో భాగించుట, వచ్చిన అంకెను పట్టికతో సరిచూచుట. ఇరుప్రక్కల అయిదేసి మడులున్నచో ఆ అంకె 2.3కు మించవలెను. మించినచో, వట్టి కుండనుండి అంత పెద్ద భేదము వచ్చుట నూటికి అయిదు మారులకంటె తక్కువ అని అర్థము. అంతకు మించి అర్థము లేదు.

ఈ చివరి మాటను అధ్యాపకుడు నల్లబల్లమీద వ్రాసి క్రింద రెండు గీతలు గీసెను. నూటికి అయిదు అనగా ఇరువదింటిలో ఒకటి. పనికిరాని మందులను ఇరువదింటిని పరీక్షించినచో సగటున ఒకటి పరీక్ష నెగ్గును. ఆ ఒక్కదాని పేరే సీసాపై అచ్చు పడును; ఓడిన పందొమ్మిదింటి సంగతి ఎవరును చెప్పరు. నెగ్గినదానిని మరియొక చోట, మరియొక ఏడు పరీక్షించినగాని నమ్మరాదని ఆయన చెప్పెను. విద్యార్థులలో కొందరు ఆ వాక్యమును వ్రాసికొనలేదు. బహుశః పరీక్షలో అడుగరనుకొనియుందురు.

ఇక మడులను ఎక్కడ వేయవలెనను ప్రశ్న. మా దృష్టిలో పాఠమంతటిలోను రసవంతమైన భాగమిదే. రోథాంస్టెడ్‌నందు 1843 నుండియు గోధుమమీద ఎరువుల ప్రయోగము సాగుచుండెను. ఆ చేనికి బ్రాడ్‌బాక్ అని పేరు. సంవత్సరముల తరబడి కూడిన ఆ అంకెల రాశిని పరిశీలించుటకు 1919లో రోనాల్డ్ ఫిషర్ అను యువగణితజ్ఞుని నియమించిరి. పాత అంకెలతో పెనగులాడిన పిదప, చిక్కు లెక్కలో కంటె మడులు వేయు తీరులోనే ఎక్కువగా ఉన్నదని ఆయన గ్రహించెను. పంట నూర్చిన తరువాత గణితజ్ఞుని పిలుచుటకంటె విత్తక ముందే పిలుచుట మేలు.

మన డెల్టాపొలమును తలచుకొనుడు. బోదె ప్రక్క మడికి నీరు ముందు అందును, ఒండ్రు ముందు చేరును. చివరి మడికి మిగిలినది. క్రొత్త వంగడమును బోదె ప్రక్కను, పాతదానిని చివరను వేసినచో గెలుపు వంగడముదా, బోదెదా? అందుకని పొలమును బోదెనుండి సమదూరమున ఉండు ఖండములుగా విభజింతురు. ప్రతి ఖండమునందును అన్ని రకములను వేయుదురు. అప్పుడు ఖండమునకును ఖండమునకును ఉన్న భేదమును లెక్కలో వేరుచేసి తీసివేయవచ్చును. ఖండము లోపల ఏ రకము ఏ మడికి రావలెనో మాత్రము చీటీలు వేసి నిర్ణయింతురు.

చీటీలెందుకు? తెలిసినవాడు చూచి న్యాయముగా పంచరాదా అని మేము అడిగితిమి. మనిషి చేయి న్యాయమెరుగదని సమాధానము వచ్చినది. తాను పెంచిన వంగడమునకు బలమైన మడిని ఇచ్చునట్టివాడు మోసగాడే కానక్కరలేదు. తనకు తెలియకయే ఇచ్చును. దానికి భయపడి బలహీనమైన మడిని ఇచ్చువాడును కలడు. చీటీకి ఇష్టము లేదు, భయము లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. చీటీలు వేసినప్పుడే, వట్టి అదృష్టమువలన ఎంత భేదము రాగలదో లెక్కించుటకు వీలగును. దీనిని ఫిషర్ 1935లో ప్రకటించిన గ్రంథమున తేనీటి కథతో వివరించెను.

రోథాంస్టెడ్‌లోనే పనిచేయుచున్న మ్యూరియల్ బ్రిస్టల్ అను శాస్త్రజ్ఞురాలు, గిన్నెలో పాలు ముందు పోసిరో టీ ముందు పోసిరో త్రాగి చెప్పగలనని ఒకనాడు అనెను. పరీక్షించు మార్గమును ఫిషర్ ఈ విధముగా చెప్పును. ఎనిమిది గిన్నెలు తెమ్ము. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు పోయుము. చీటీలు వేసి వచ్చిన వరుసలో ఇమ్ము. పాలు ముందు పోసిన నాలుగింటిని ఆమె ఏరవలెను. ఎనిమిదింటినుండి నాలుగింటిని ఏరు మార్గములు 70. అందులో అన్నియు సరియైనది ఒక్కటే. కావున ఏమియు తెలియనివారు గుడ్డిగా ఏరి నెగ్గుటకు డెబ్బదింటిలో ఒక్క అవకాశము మాత్రమే. మూడు సరిగాను ఒకటి తప్పుగాను ఏరు మార్గములు 16 కలవు. అనగా నాలుగింటిలో మూడు చెప్పుట ఘనకార్యము కాదు. గుడ్డిగా ఏరినవారిలో ఇంచుమించు నాలుగవ వంతు మంది అంతమాత్రమో, అంతకు మించియో చెప్పగలరు. కాఫీ వాసనతోనే చికోరీ పాలెంతో చెప్పగలమను బంధువులు మా ఇంటను కలరు. ఈ పరీక్షకు వారింకను ఒప్పుకొనలేదు.

ఈ చీటీల విద్యతో మన దేశమునకును పాత సంబంధమే కలదు. పూర్వము పంట దిగుబడిని అణాలలో చెప్పెడివారు. సాధారణపు పంట కొన్నిచోట్ల పదునారణాలు, కొన్నిచోట్ల పండ్రెండణాలు. గ్రామోద్యోగి గట్టుమీద నిలిచి చూచి ఈ ఏడు పదియణాలని వ్రాసినచో అదియే లెక్క. శిస్తు తగ్గింపును కరవు సహాయమును ఆ కంటిచూపు మీదనే నిలిచియుండెడివి. 1923–25 సంవత్సరములలో హబ్బక్ అను ఐ.సి.ఎస్. అధికారి బీహారు, ఒరిస్సాల వరిపొలములలో ఈ కంటిచూపును విడిచి, యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న చిన్న తావులను కోసి తూచి దిగుబడిని అంచనా వేసెను. తరువాత బెంగాలులో మహలనోబిస్, వ్యవసాయ పరిశోధనా మండలిలో సుఖాత్మె, పాన్సే ఆ మార్గమును విస్తరింపజేసిరి. వీరిద్దరు కలసి వ్యవసాయమున పనిచేయువారికై 1954లో ప్రకటించిన గణాంక గ్రంథము మన కళాశాలలలో తరములపాటు చదువబడినది. ఇదే శాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన మన తెలుగువాడు సి. ఆర్. రావు, 2023లో 102 ఏండ్ల వయస్సున మరణించువరకును పేరుగన్నవారు, విశాఖపట్టణమునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివినవారే.

పంటకోత ప్రయోగము నేడు పల్లెలకు తెలియని మాట కాదు. దేశములో పంటల బీమా లెక్కకును అది ఆధారమగుచున్నది. అందుకే దానిపై ఫిర్యాదులును ఎక్కువ. "నా చేను పూర్తిగా పోయినది, మీరు మంచి చేనిలో కోసినారు" అని రైతు అనును. అతని బాధ నిజమైనది. కాని సర్వే నెంబరును, అందులో అయిదు మీటర్ల చదరపు తావును యాదృచ్ఛిక సంఖ్యల పట్టికయే నిర్ణయింపవలెను. అధికారి దారిప్రక్క చేనిని ఎంచుకొన్నచో వచ్చునది దారిప్రక్క పంట సగటు. మొరపెట్టిన చేనినే ఎంచుకొన్నచో వచ్చునది మొరల సగటు. ఊరి సగటు కాదు. తావును ఎండకు భయపడి గట్టు ప్రక్కకు జరిపినచో, కాగితముమీది లెక్క ఎంత శుద్ధముగానున్నను ఫలము లేదు. రైతులు కోతవేళ దగ్గరుండి చూడవలసినది ఇదియే: తావు ఎక్కడ వచ్చినదని కాదు, ఎట్లు వచ్చినదని.

కార్డు వ్రాసిన రైతునకు మేము ఉత్తరము వ్రాసితిమి. ఆయన ప్రశ్నకు మా కడ సమాధానము లేదని ఒప్పుకొని, ఆ తరగతిలో విన్నది తెలిపితిమి. ఆ సంభాషణను గూర్చి కార్యక్రమములోను చెప్పితిమి. నాటినుండి ఎవరేని ఒక మందును గాని విత్తనమును గాని మెచ్చుకొన్నప్పుడు, ఎన్ని మడులలో చూచిరి, వేయని మడి ఎక్కడ ఉన్నది, ఏ మడికి వేయవలెనో ఎవరు నిర్ణయించిరి అని అడుగుచున్నాము. కొన్ని సంభాషణలు దానితో చప్పబడుచున్నవి. కొన్నిటిని విడిచిపెట్టితిమి.

ఆయన ఊరకుండలేదు. తన పొలములో వరికి జింకు సల్ఫేటు అవసరమా అని తేల్చుకొనుటకు ఎనిమిది మడులు చేసెను. బోదెనుండి ఒకే దూరమున ఉన్న వానిని రెండేసి చొప్పున నాలుగు జతలు కట్టెను. నీటితో మందు ప్రక్కకు పోకుండ నడుమ గట్లు వేసెను. ప్రతి జతలోను ఏ మడికి జింకు వేయవలెనో మనుమరాలి చేత రూపాయి బిళ్ళ ఎగురవేయించి, బొమ్మయో బొరుసో చూచి, ఆఖరి దమ్ములో వేసెను. కోతల తరువాత తూకములన్నియు వ్రాసి పంపెను. నాలుగు జతలలోను జింకు వేసిన మడియే ముందున్నది.

మేము ఉత్సాహముతో ఆ కాగితమును అధ్యాపకునకు చూపితిమి. ఆయన తూకములనటుంచి, ఏది ముందు ఏది వెనుక అని మాత్రమే చూచి లెక్క చెప్పెను. జింకు వలన ఏమియు ఒరుగకపోయినను నాలుగు బిళ్ళలు నాలుగును బొమ్మ పడుట పదునారింటిలో ఒకమారు జరుగును. ఇరువదింటిలో ఒకటికంటె అది ఎక్కువే. "తూకములు బాగుగనే ఉన్నవి. ఆరు జతలు వేయుమనుడు. అప్పుడు అరువది నాలుగింటిలో ఒకటి" అనెను.

ఆ మాటనే రైతునకు వ్రాసితిమి. మరల కార్డు వచ్చినది. "ఆరు జతలే పెట్టాను. మనవరాలికి బిళ్ళ ఎగరెయ్యడం బాగా అలవాటైంది. నూర్పిళ్ళు కాగానే రాస్తాను. అందాకా రేడియోలో చెప్పకండి." నూర్పిళ్ళు ఇంకను కాలేదు.